చద్దిమూటా, సత్రం భోజనమూ

మా బావ గోదావరి జిల్లాల్లో రక్తపరీక్షల ల్యాబులకు మిషన్లు బాగుచేసేవాడు. ఏలూరు నుంచి అమలాపురం దాకా అతనికి తెలియని ల్యాబు లేదు. 2012 చివర్లో అక్కావాళ్ళింటికి వెళ్ళినప్పుడు భోజనాల దగ్గర నాకో పని పురమాయించాడు.

"ఒరే, నువ్వు కంప్యూటర్లో ఏవో రాస్తావుగా. ఈ రిపోర్టులు పట్టుకుని కుర్రాళ్ళు రాత్రి తొమ్మిదింటికి డాక్టర్ల ఇళ్ళ చుట్టూ తిరుగుతున్నార్రా. డాక్టరుగారు ఇంట్లో కూచునే చూసుకునేట్టు ఏదన్నా చెయ్యకూడదూ?"

చేశాను. పెద్ద పనేమీ కాదు. ల్యాబులోని కంప్యూటర్లో నా ప్రోగ్రాం ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది. డాక్టరు ఇంటి నుంచి పాస్‌వర్డు కొడితే రిపోర్టు చూపిస్తుంది. దారిలో ఎవరూ చదవకుండా ఆ సమాచారాన్ని రహస్యలిపిలోకి మార్చే పని మాత్రం నేను రాసుకోలేదు. అలాంటిది సొంతంగా రాసుకోవడం తెలివైనవాళ్ళు చేసే పని కాదు. అందరూ వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే లైబ్రరీనే నేనూ వాడాను. డబ్బులు తీసుకోలేదు. బావ మాట, పైగా నలుగురికీ పనికొచ్చేది.

మొదటి ల్యాబు తణుకులో. ప్రోగ్రాం అసలు తెరుచుకోనే లేదు. బావ అక్కణ్ణించే ఫోన్ చేశాడు. "ఎమ్మెస్వీసీఆర్ 100 అంట, డీఎల్ఎల్ అంట, అది లేదంటోందిరా. అదేదో నీ దగ్గరుంటే ఇవ్వరాదూ?"

నా ప్రోగ్రాం ఆసరా చేసుకున్న ఒక లైబ్రరీ ఫైలు నా కంప్యూటర్లో ఉంది, తణుకులో ఉన్న విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లో లేదు. అదీ సంగతి. ఆ రాత్రి కూచుని అన్నిటినీ ప్రోగ్రాం లోపలే పెట్టి మళ్ళీ కట్టాను. రెండు వందల కిలోబైట్లు ఉన్న ఫైలు రెండు మెగాబైట్లు దాటింది. కానీ ఒక్కటే ఫైలు. ఇంకెవరి మీదా ఆధారపడదు. "ఇక ఏ మిషన్లో పెట్టినా నడుస్తుంది బావా" అన్నాను. నడిచింది కూడా. బావ దాన్ని పెన్‌డ్రైవులో వేసుకుని ఊరూరా తిరిగాడు.

అప్పుడు నాకు కాస్త గర్వంగానే అనిపించింది. ఈ వ్యాసం ఆ గర్వం గురించి.

*

ప్రోగ్రాం రాసేవాడెవడూ మొత్తం తనే రాయడు. తెర మీద ఒక మాట కనబడాలంటే సీ భాషలో ప్రింట్‌ఎఫ్ అని ఒక్క పదం రాస్తాం. ఆ పదం వెనక ఉన్న పనంతా ఎవరో, ఎప్పుడో చేసి లైబ్రరీలో పెట్టి ఉంచారు. మనం రాసినదాన్నీ, ఆ లైబ్రరీలో మనకి కావలసినదాన్నీ ముడిపెట్టడాన్ని లింకింగ్ అంటారు. అది రెండు రకాలు.

లైబ్రరీలోంచి కావలసిన భాగాల్ని కాపీ తీసి, ప్రోగ్రాం కట్టేటప్పుడే అందులో కలిపేస్తే స్టాటిక్ లింకింగ్. అలా కాకుండా, "ఫలానా లైబ్రరీ కావాలి" అని ప్రోగ్రాంలో ఒక చీటీ మాత్రం పెట్టి, నడిపే సమయానికి ఆ కంప్యూటర్లో ఉన్న లైబ్రరీని వెతుక్కుని వాడుకుంటే డైనమిక్ లింకింగ్. ఇందులో వంద ప్రోగ్రాములు నడుస్తున్నా మెమరీలో లైబ్రరీ కోడ్ ఒక్కటే ఉంటుంది, అందరూ దాన్నే పంచుకుంటారు. మొదటిది ఇంటి దగ్గరే చద్దిమూట కట్టుకుని బయల్దేరడం. రెండోది దారిలో సత్రం ఉందిలే అన్న ధైర్యంతో చేతులూపుకుంటూ పోవడం.

మూట బరువెంతో చూద్దాం. లినక్స్‌లో "నమస్కారం" అని ఒక్క మాట చూపించే సీ ప్రోగ్రాం డైనమిక్‌గా కడితే సుమారు 16 కిలోబైట్లు. అదే ప్రోగ్రాంని మామూలుగా అక్కడుండే గ్నూ సీ లైబ్రరీతో స్టాటిక్‌గా కడితే ఎనిమిది వందల కిలోబైట్ల పైమాటే. ఒక్క మాటకి అంతెందుకు? ప్రింట్‌ఎఫ్ ఒంటరిగా రాదు. దశాంశాలు రాసే పద్ధతి, దేశాన్నిబట్టి మారే అంకెల రాత, మెమరీ పంచిపెట్టే యంత్రాంగం, అన్నీ దాని వెంట వస్తాయి. ఒక్కణ్ణి భోజనానికి పిలిస్తే ఇంటిల్లిపాదీ దిగినట్టు. మజిల్ అనే పొదుపరి లైబ్రరీతో కడితే ఇదే ప్రోగ్రాం స్టాటిక్‌గా కూడా కొన్ని పదుల కిలోబైట్లలో సరిపోతుంది. గో భాషలో రాస్తే మెగాబైటు దాటిపోతుంది.

ఈ సైజుల మీద మా వృత్తిలో దశాబ్దాలుగా తగువులు నడుస్తున్నాయి. 1960ల నాటి మల్టిక్స్‌లోనే డైనమిక్ లింకింగ్ ఉంది. యునిక్స్ ప్రపంచంలోకి అది గట్టిగా వచ్చింది 1980ల చివర్లో. కిటికీలూ బొమ్మలూ చూపించే ప్రోగ్రాములు వచ్చి, ప్రతిదాంట్లోనూ అదే సామాను మళ్ళీ మళ్ళీ ఉంటే మెమరీ చాలక, పంచుకోవడం తప్పలేదు. కానీ యునిక్స్‌ని పుట్టించిన బెల్ ల్యాబ్స్‌వాళ్ళే ఆ తరవాత చేసిన ప్లాన్ 9లో ఆ జంఝాటం వద్దని స్టాటిక్ లింకింగ్‌తోనే సరిపెట్టుకున్నారు. అక్కణ్ణించి వెళ్ళిన కెన్ థామ్సన్, రాబ్ పైక్ గూగుల్లో మరొకరితో కలిసి గో భాషని మొదలుపెట్టారు. 2009లో బయటికి వచ్చిన ఆ భాష కూడా మామూలుగా మూటలే కడుతుంది.

ఇవాళ డిస్కు చవక, మెమరీ చవక. నిజానికి సామాన్యంగా ఒక కంప్యూటర్లో చూస్తే సీ లైబ్రరీ లాంటి కొన్నిటినే అందరూ వాడతారు. మిగిలిన చాలా లైబ్రరీలని వాడుకునేది ఒకటో రెండో ప్రోగ్రాములు. అతిథులే లేని సత్రాలన్నమాట. కాబట్టి తగువు బరువు గురించే అయితే అది ఎప్పుడో తీరిపోవాలి. తీరలేదంటే అసలు సంగతి బరువు కాదని నా అనుమానం.

*

2014 ఏప్రిల్ 7న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో ఒక లోపం బయటపడింది. హార్ట్‌బ్లీడ్ అన్నారు దాన్ని. లోపం ఎంత చిన్నదో చెబితే నమ్మబుద్ధి కాదు. రెండు కంప్యూటర్లు మాట్లాడుకుంటున్నప్పుడు అవతలివాడు ఉన్నాడో లేడో తెలుసుకోవడానికి ఒక ఏర్పాటు ఉంది. "ఉన్నావా? ఉంటే ఈ మాట తిరిగి చెప్పు, దీని పొడుగు ఇన్ని అక్షరాలు" అంటే, అవతలివాడు ఆ మాట తిరిగి చెబుతాడు. చెప్పిన పొడుగు నిజమో కాదో లైబ్రరీ సరిచూడటం లేదు. ఒక్క అక్షరం పంపి, దీని పొడుగు అరవై నాలుగు వేలు అంటే, ఆ అక్షరంతోపాటు మెమరీలో దాని పక్కన ఏముంటే అదంతా ఇచ్చేసేది. అడిగినన్నిసార్లు ఇచ్చేది. మామూలు లాగుల్లో దాని జాడ కూడా మిగిలేది కాదు.

లోపం రెండేళ్ళుగా ఉంది, 2012 మార్చిలో వచ్చిన వెర్షన్ నుంచి. నేను వాడింది అదే వరస.

నాకు లినక్స్ సర్వరొకటి అద్దెకుండేది. దాని మీద ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ని వాడుకునే ప్రోగ్రాములు ఎన్నో నాకే సరిగ్గా తెలియదు. ఒక కమాండు కొట్టాను, సర్వర్ని ఆపి మళ్ళీ లేపాను, అన్నీ ఒక్కసారే బాగయిపోయాయి. పావుగంట పని. సత్రంలో పప్పు మాడితే వండేవాడు గిన్నె మారుస్తాడు. ఆ పూటకి అందరికీ మంచి పప్పే.

తరవాత ల్యాబులు గుర్తొచ్చాయి.

ల్యాబుల్లో ఉన్నవి మూటలు. ఒక్కొక్క మూటలోనూ ఆ పాచిపోయిన పప్పు నా చేత్తో పెట్టిందే. ఆ ప్రోగ్రాం మెమరీలో ఉండేవి మనుషుల పేర్లు, వయసులు, రక్తంలో ఏముందో ఆ అంకెలు. షుగరూ యూరియా అయితే ఫరవాలేదనుకోవచ్చు. ఊళ్ళో నలుగురికీ తెలిస్తే ఆ మనిషి తల ఎత్తుకోలేని పరీక్షలు కూడా అదే ల్యాబులో, అదే ఫైల్లో ఉంటాయి.

బావకి ఫోన్ చేశాను. "ఎంతమందికిచ్చావు బావా?"

"లెక్కెవడు పెట్టుకున్నాడ్రా? అడిగినోళ్ళకల్లా ఇచ్చాను. మంచిదేగా?"

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. మంచిదే. అతను చేసిందీ మంచే, నేను చేసిందీ మంచే. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. అక్కడే ఉంది కిటుకు. అమ్మి ఉంటే బిల్లు పుస్తకం ఉండేది.

మూడు వారాలు బావ పాత సర్వీసు పుస్తకాలు ముందేసుకుని ఫోన్లు చేశాం. నలభై ఒక్క పేర్లు తేలాయి. ముప్ఫైమూడు చోట్ల కొత్త ఫైలు పెట్టించాం. ఒకాయన ససేమిరా అన్నాడు. "మాది లక్షణంగా నడుస్తోందండీ, దాన్ని కెలకడం ఎందుకు?" రెండు ల్యాబులు మూతపడ్డాయి, కంప్యూటర్లు ఎవరికో అమ్మేశారు. ఒకాయన తన తమ్ముడి ల్యాబుకి కాపీ ఇచ్చానన్నాడు, ఆ తమ్ముడు ఇంకెవరికో. నలభై ఒకటి అనే అంకె అక్కడితో అర్థం పోగొట్టుకుంది.

ఎవరి రిపోర్టయినా బయటికి పోయిందా? తెలియదు. తెలిసే దారి లేదు. ఇలాంటి తప్పుకి శిక్షా ఉండదు, క్షమాపణా ఉండదు. ఎవరికి చెప్పుకోవాలో తెలిస్తే కదా.

*

ఇక్కడితో ఆపేస్తే ఇది డైనమిక్ లింకింగ్ మహిమ గురించిన నీతికథ అయిపోతుంది. కానీ నిజం అంత తిన్నగా లేదు.

నేను ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ని మూటలో కట్టకుండా విడి డీఎల్ఎల్‌గా పక్కన పెట్టి ఇచ్చాననుకోండి. అప్పుడు కూడా ఆ నలభై ఒక్క చోట్లకీ ఎవరో వెళ్ళి ఆ ఫైలు మార్చాల్సిందే. విండోస్‌లో దాన్ని చూసుకునే ఉమ్మడి వంటవాడు లేడు. పోనీ, విండోస్‌లో సొంతంగా ఉన్న రహస్యలిపి లైబ్రరీనే వాడాననుకోండి. దానికి హార్ట్‌బ్లీడ్ తగల్లేదు, పైగా మైక్రోసాఫ్ట్ దాన్ని తనే సరిచేస్తూ ఉండేది. కానీ ఏప్రిల్ 7కి మర్నాడు ఏమైందో చూడండి. 2014 ఏప్రిల్ 8న మైక్రోసాఫ్ట్ విండోస్ ఎక్స్‌పీకి భద్రతా సవరణలు ఇవ్వడం ఆపేసింది. ల్యాబుల్లో దాదాపు అన్నీ ఎక్స్‌పీలే. మూట పాచిపోయిందని తెలిసిన మర్నాడే సత్రం తలుపులు మూశారు.

కాబట్టి పంచుకోవడం దానంతట అది పుణ్యం కాదు. సత్రం ఉంటే చాలదు, పొయ్యి వెలిగించే మనిషి ఉండాలి.

మా గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మగారి పేరు తెలియనివాళ్ళుండరు. లంకలగన్నవరంలో వేళకాని వేళ ఏటి దాటి వచ్చినవాళ్ళకి కూడా ఆవిడ అన్నం పెట్టారని తరతరాలుగా చెప్పుకుంటాం. తిన్నవాళ్ళ గురించి ఎవరూ చెప్పుకోరు. ఆ అర్ధరాత్రి పొయ్యి దగ్గర ఆవిడకి ఎవరైనా సాయం పట్టారా అని తిన్నవాళ్ళలో ఎంతమంది ఆలోచించి ఉంటారు?

2024 మార్చిలో ఈ ప్రశ్నే మా వృత్తి మెడకి చుట్టుకుంది. ఫైళ్ళని కుదించే ఎక్స్‌జెడ్ అనే సామాను ఉంది, దాని లైబ్రరీ లినక్స్ ప్రపంచమంతటా ఉంది. దాన్ని ఏళ్ళ తరబడి ఒక్క మనిషి, జీతం భత్యం లేకుండా, తీరిక వేళల్లో చూసుకుంటున్నాడు. అలిసిపోయి ఉన్నాడు. సాయం చేస్తానని ఒకరు వచ్చారు, రెండేళ్ళకి పైగా ఓపిగ్గా పనిచేసి నమ్మకం సంపాదించారు. ఆ తరవాత దొడ్డిదారి పెట్టారు. దూరం నుంచి సర్వర్లలోకి వెళ్ళే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాం నిజానికి ఎక్స్‌జెడ్‌ని వాడదు. అప్పట్లో కొన్ని లినక్స్‌లలో అది సిస్టమ్‌డీ లైబ్రరీని పిలిచేది, ఆ లైబ్రరీ ఎక్స్‌జెడ్‌ని వెంటబెట్టుకొచ్చేది. చుట్టానికి చుట్టం ద్వారా దొంగ ఇంట్లోకి వచ్చాడు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని విసుక్కుని వెతికిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు పుణ్యమా అని అది ఎక్కువ చోట్లకి పాకక ముందే దొరికింది.

ఈ కథ విన్న స్టాటిక్ మిత్రులు "చూశారా, అందుకే మూట కట్టుకోమనేది" అన్నారు. అది సగమే నిజం. మూటలోనైనా అన్నం ఆ పొయ్యి మీద వండిందే కదా. స్టాటిక్‌గా కట్టుకున్నవాడు వంటవాడి మీద ఆధారపడటం మానడు. కాపీ తీసుకున్న రోజుతో లెక్క తీరిపోయిందని అనుకుంటాడు, అంతే. నా రెండు మెగాబైట్ల ఫైలు "ఎవరి మీదా ఆధారపడదు" అని నేను గర్వపడ్డానే, ఆ రెండు మెగాబైట్లలో తొంభై వంతులు నేను ఎన్నడూ చూడని మనుషుల పని. ఆధారం కనబడకుండా పోయిందే గాని, పోలేదు.

*

పంచుకోవడం గురించి ఇంకొక్క మాట చెప్పకపోతే తెలుగువాడిగా తప్పు చేసినవాణ్ణవుతాను.

2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగక్షరం ప్రపంచంలోని ఐఫోన్లని కూలదోసింది. జ్ఞానంలోని "జ్ఞా". మామూలుగా టైపు చేసిన "జ్ఞా" కాదు, ఞకీ దీర్ఘానికీ మధ్య కంటికి కనబడని ఒక గుర్తు దూరిన "జ్ఞా". అది మెసేజిలో వస్తే ఆ ఆప్ కూలిపోయేది. మెసేజీలు, వాట్సాప్, జీమెయిల్, ఒకదానికొకటి సంబంధం లేనివన్నీ వరసగా పడ్డాయి. ఎందుకంటే ఐఫోన్లో అక్షరాలు గీసే పని ఆయా ఆప్‌లు చేసుకోవు, కోర్‌టెక్స్ట్ అనే ఉమ్మడి లైబ్రరీ చేసిపెడుతుంది. అక్కడ తప్పితే అందరూ పడతారు. ఫిబ్రవరి 19న యాపిల్ ఐఓఎస్ 11.2.6 ఇచ్చింది, ఫోనుకి అది వేసుకుంటే అన్నీ ఒక్కసారే లేచి నిలబడ్డాయి. ఆప్‌లు రాసినవాళ్ళు వేలు కదపక్కర్లేకపోయింది.

అప్పట్లో మన లిపి మీద జోకులు చాలా వచ్చాయి. నాకు తట్టింది మాత్రం వేరు. మన వత్తులూ గుణింతాలూ సరిగ్గా పేర్చడం చాలా కష్టమైన పని. ప్రతి ఆప్ తన అక్షరాలు తనే గీసుకోవాల్సి వస్తే, ఏ కాలిఫోర్నియా కుర్రాడు తన మూటలో తెలుగు పెట్టుకుంటాడు? బరువు తగ్గించుకోవాల్సి వచ్చినప్పుడు ముందుగా తీసి పారేసేది మనల్నే. తెలుగనేదొకటుందని కూడా తెలియనివాళ్ళు రాసిన వేల ఆప్‌లలో ఇవాళ మనం తెలుగులో రాసుకుంటున్నామంటే, అది ఉమ్మడి సత్రం వల్లే. అక్కడ ఒక విస్తరి మనకి కూడా వేసి ఉంచారు. మూటలు కట్టేవాళ్ళు తమకి కావలసినదే కట్టుకుంటారు, అది సహజం. తమకి అక్కర్లేనివాడి కోసం కూడా వండేది ఉమ్మడి వంటింట్లోనే.

అయితే ఇక్కడా ఎదురు సాక్ష్యం ఉంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు తెలుగు పేర్చడానికి హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీని తమ మూటలోనే మోసుకెళతాయి. వాటి మూట పాచిపోదు. కొన్ని వారాలకొకసారి మూట విప్పి, వేడిది మళ్ళీ కట్టి, ఇంటింటికీ పంపుతారు. ఎవరెవరికి ఇచ్చారో ఆ ప్రోగ్రాముకే తెలుసు, అదే వచ్చి అడుగుతుంది. గో భాష అభిమానులు చెప్పేదీ ఇదే. మూట మళ్ళీ కట్టడం తేలికైతే మూటకి దోషం లేదు. నిజమే. మళ్ళీ కట్టి, మళ్ళీ అందించగలిగినవాడికి.

నేను తప్పింది అక్కడ. స్టాటిక్‌గా కట్టడం తప్పు కాదు, తణుకు కంప్యూటర్లో నడవాలంటే ఆ రాత్రి అదే సరైన పని. తిరిగి వెళ్ళే దారి పెట్టుకోకుండా ఇవ్వడం తప్పు. లోపల పెట్టుకున్న ప్రతిదానికీ నేను పూచీ పడ్డానని ఆ రాత్రి నాకు తెలియలేదు. అన్నం పెట్టడం మంచిపనే. కానీ ఎవరికి పెట్టామో తెలియకుండా పెడితే, రేపు అందులో బల్లి పడిందని తెలిసినప్పుడు ఎవరి తలుపు తట్టాలి?

డైనమిక్‌గా వాడుకునేవాడికి అప్పు ఇంకో వైపు ఉంటుంది. వాడు వంటవాణ్ణి చూసుకోవాలి. హార్ట్‌బ్లీడ్ బయటపడినప్పుడు ప్రపంచంలోని సగం వ్యాపారం నమ్ముకున్న ఆ లైబ్రరీని చూసుకుంటున్నది గుప్పెడుమంది. అందులో పూర్తికాలం పనిచేసేవాడు ఒక్కడు. అప్పటిదాకా రెండేళ్ళు నేను దాన్ని ఉచితంగా వాడుకున్నాను, ఒక్క రూపాయి పంపలేదు, ఒక్క పేజీ చదవలేదు. మన పెద్దలు చదువు చెప్పినవాళ్ళకి పడే అప్పుని ఋషిఋణం అన్నారు. కాపీ తీసుకుంటే తీరే అప్పు కాదది.

*

ఇప్పుడు ఏది కట్టినా ఒక పుస్తకంలో రెండు జాబితాలు రాస్తాను. ఎడమవైపు, ఇందులో ఎవరెవరి పని ఉంది. కుడివైపు, ఇది ఎవరెవరి దగ్గరికి వెళ్ళింది. స్టాటికా డైనమికా అన్నది ఆ రెండు జాబితాలూ చూశాక ఆలోచిస్తాను. కుడివైపు జాబితాని అందుకోగలను అనిపిస్తే మూట కడతాను. లేదంటే సత్రానికే చీటీ రాసి, సత్రం నడిపేవాళ్ళకి ఏడాదికోసారి ఎంతో కొంత పంపుతాను. కొత్త పద్ధతేమీ కాదు. పాల కేంద్రంలో అయినా ఎవరి పాలు ఏ క్యానులో పోశారో రాసుకుంటారు.

బావ ఇప్పుడు ఆ పని మానేశాడు. కిందటి సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఊరికే ఉండలేక అడిగాడు. "ఒరే, అప్పుడు నువ్వు చేసిన ప్రోగ్రాం గొప్ప గట్టిదిరా. ఆ మధ్య జంగారెడ్డిగూడెం వైపు వెళితే ఒక ల్యాబులో ఇంకా నడుస్తోంది. పాతదే. ఎవరూ ముట్టుకోలేదంట."

ఏ ల్యాబు బావా అన్నాను. పేరు గుర్తులేదన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం బస్సెక్కాం.